సముద్రానికి తాళం

మా ఇంట్లో మే నెలలో సముద్రం ఊసెత్తిన మనిషి లేడు. మే అంటే విత్తనాలు. మొదటి వాన పడగానే ట్రాక్టర్లు దిగుతాయి, గోధుమా, కనోలా నూనెగింజలూ అంతా నేలలో పడేదాకా ఆగవు. ఆ రోజుల్లో మా యాండబిన్ ఊళ్ళో ఎవరూ పెళ్ళిళ్ళు పెట్టుకోరు. పన్ను సలిపినా డాక్టరు దగ్గరికి పోరు. మా అత్తగారు కూడా విత్తనాలు ముగిశాకే కన్ను మూసింది. ఆవిడ పద్ధతి గల మనిషి.

మేం సముద్రం చూసేది జనవరిలో, భూగోళానికి కింది సగంలో ఉన్న మా దేశంలో అది నడివేసవి. కోతలయ్యాక, గింజలు లారీలకెక్కాక, పోర్ట్ లోవెట్‌లో అద్దె క్యాబిన్లుండే కారవాన్ పార్కులో ఓ వారం. నాకు పెళ్ళయిన నాటినుంచీ అంతే, మా ఆయన నెవిల్‌కి పుట్టిన నాటినుంచీ అంతే. మా చుట్టుపక్కల రైతులందరికీ సముద్రమంటే జనవరి సముద్రమే. మిగతా నెలల్లో అది ఎలా ఉంటుందో మాకు తెలీదు, తెలుసుకునే అవసరమూ రాలేదు.

అలాంటిది ఆ ఏడు విత్తనాల నడిమధ్యలో ఇల్లు వదిలి బయల్దేరాం. కారణం వంటింట్లోంచి ట్రాక్టరుతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు.

నెవ్‌కి నరాల జబ్బు. నరాల మీది పొర కొంచెం కొంచెంగా ఊడిపోతుందని డాక్టరు చెప్పాడు. ముందు కాళ్ళు బరువెక్కాయి, తర్వాత మాట వినడం మానేశాయి. ఆ ఏటికి చక్రాల కుర్చీలోకి వచ్చేశాడు. ట్రాక్టరు మా అమ్మాయి టీగన్ చేతికి వచ్చింది. పిల్ల పనిమంతురాలే. కానీ ఈయన పొద్దున లేస్తూనే వంటింటి బల్ల దగ్గర సెట్టు ముందేసుకుని కూర్చునేవాడు.

"టీగన్, గేరు దించు. ఇంజను మూలుగుతోంది, ఇక్కడికి వినిపిస్తోంది."

"అది గాలి నాన్నా."

"గాలికీ ఇంజనుకీ తేడా తెలీనివాణ్ణా నేను? ఆ మూల రాళ్ళున్నాయి. గొర్రు పైకెత్తు."

"ఎత్తాను."

"ఎత్తలేదు."

"నాన్నా, విత్తుతున్నది నువ్వా, నేనా?"

ఆ తర్వాత సెట్టులో గరగర తప్ప ఇంకేం లేదు. నెవ్ దాన్ని బల్ల మీద బోర్లించి కిటికీవైపు తిరిగాడు. బయట చేలో ట్రాక్టరు వెనక దుమ్ము లేస్తోంది. ఇరవై ఏళ్ళప్పటినుంచీ ఆ దుమ్ము లేపింది తనే. నాకు పిల్ల మీద కోపం వచ్చింది, ఈయన మీద కోపం వచ్చింది, ఆ జబ్బు మీద మరీ వచ్చింది. జబ్బుని కొట్టలేం కాబట్టి గిన్నెలు చప్పుడయ్యేలా తోమాను.

సరిగ్గా అప్పుడే కిటికీ పక్క పాటల రేడియోలో ఒక తీయటి గొంతు ప్రకటన అందుకుంది. "వేసవి రద్దీ వెళ్ళిపోయింది. గాలులు నెమ్మదించాయి. నీళ్ళింకా వెచ్చగానే ఉన్నాయి. ఈ శరత్తులో పోర్ట్ లోవెట్ రండి. ఈదండి, నడవండి, సైకిలు తొక్కండి, తెడ్డు వేయండి."

నెవ్ తల తిప్పాడు. "రే," అన్నాడు. నా పేరు రేలీన్, ఆయనకి మాత్రం రే. "నేను సముద్రంలో నిలబడాలి."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. అంతకు రెండేళ్ళ ముందు జనవరిలో పోర్ట్ లోవెట్ బీచ్‌లో లైఫ్‌గార్డులు ఆయన్ని ఒక ప్రత్యేకమైన కుర్చీలో కూర్చోబెట్టారు. దానికి గాలి నింపిన పెద్ద పెద్ద పసుపు చక్రాలు. ఇసుకలో కూరుకుపోదు, నీళ్ళలో తేలుతుంది. నీళ్ళదాకా నీలం పట్టా పరిచి, దాని మీద నుంచి కుర్చీని తోసుకుంటూ తీసుకెళ్ళారు. ఛాతీ లోతుకి వెళ్ళాక నెవ్ కుర్చీలోంచి మెల్లగా జారి, కాళ్ళ మీద నిలబడ్డాడు. ఎవరూ పట్టుకోలేదు. నీళ్ళే పట్టుకున్నాయి. కిందటి జనవరిలోనూ వెళ్ళాం గానీ ఎండ మండిపోయింది. ఆ జబ్బుకి వేడి పడదు. వారమంతా ఆయన క్యాబిన్‌లో ఫ్యాను కింద చచ్చుబడి పడుకున్నాడు.

"చల్లటి గాలి, వెచ్చటి నీళ్ళు," అన్నాడు. "నాకు కావలసింది అదే కదా. జనవరి నాది కాదిక. మే నాది."

వచ్చే ఏటికి ఆ కాళ్ళు నీళ్ళలోనైనా నిలబెడతాయో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు. మధ్యాహ్నానికి పికప్ బండిలో కుర్చీ ఎక్కించాం. టీగన్ ట్రాక్టరు ఆపి వచ్చి నాన్నని ఎత్తి సీట్లో కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

*

పోర్ట్ లోవెట్ కిటకిటలాడుతోంది. రేడియో వాళ్ళ మాట నమ్మింది మేం ఒక్కళ్ళమే కాదు. కారవాన్ పార్కు నిండా తెల్ల జుట్టు జంటలు. సైకిళ్ళ వాళ్ళు, కొండ దారుల్లో కర్రలు పట్టుకుని నడిచేవాళ్ళు, తెడ్డు పడవల వాళ్ళు. ఎండ ఒంటికి హాయిగా ఉంది. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా పడుకుంది. నెవ్ బండి అద్దం దించి గాలి పీల్చి, "ఇన్నాళ్ళూ మంచి సముద్రాన్ని వీళ్ళకి వదిలేసి, మనం పనికిమాలిన జనవరిలో వచ్చామే," అన్నాడు.

నేను బీచ్ వైపు చూశాను. కాపలా ఉందని చెప్పే ఎర్రా పసుపూ జెండాలు లేవు. లైఫ్‌గార్డులు కూర్చునే గది లేదు, దాన్ని చక్రాల మీద ఎటో లాక్కుపోయారు. నీలం పట్టా లేదు. లైఫ్‌గార్డుల క్లబ్బు షెడ్డుకి షట్టరు దించి ఉంది, దానికి నా పిడికిలంత తాళం. షట్టరు సందులోంచి చూస్తే లోపల పసుపుపచ్చ చక్రాలు.

షెడ్డు పక్కన ఒకాయన ఎండ తగలకుండా ముక్కుకి తెల్ల మందు రాసుకుని పడవ అడుగు గీకుతున్నాడు. పేరు వారిక్. క్లబ్బు సామాన్లన్నీ ఆయన కనిపెట్టుకుని ఉంటాడు.

"ఇవాళ సెలవాండీ?" అన్నాను.

"సెలవు కాదు తల్లీ, సీజన్ అయిపోయింది. ఈస్టర్‌తో జెండాలు దింపేశాం. మళ్ళీ అక్టోబరే."

"సముద్రం ఉందిగా?"

"ఉంది."

"ఆ లోపల కుర్చీ ఉందిగా?"

"ఉంది."

"తాళంచెవి?"

నడుముకి వేలాడుతున్న గుత్తిని తడుముకున్నాడు. "అదీ ఉంది."

"మరి లేనిదేమిటి?"

"పర్మిషను," అన్నాడు.

మనిషి చెడ్డవాడు కాదు. బండి దగ్గరికి వచ్చి నెవ్‌కి చెయ్యి కూడా ఇచ్చాడు. వ్యవహారం ఏమిటో విడమరిచి చెప్పాడు. కుర్చీ ఊరి కౌన్సిల్ వాళ్ళది. షెడ్డు క్లబ్బుది. జెండాలుంటేనే కుర్చీ బయటికి తీయాలి. జెండాల్లేని రోజు తీస్తే, ఏదన్నా అయితే, వారిక్ మెడకి చుట్టుకుంటుంది.

"ఏమవుతుంది గురూ?" అన్నాడు నెవ్. "మునిగి చస్తానా? చూడు, అల కూడా లేదు."

"నాకు తెలుసు గురూ. కాయితాలకి తెలీదు కదా." వారిక్ బూట్లవైపు చూసుకున్నాడు. "కౌన్సిల్ వాళ్ళని అడగండి. వాళ్ళు ఊఁ అంటే ఈ నిమిషంలో తీస్తా."

అప్పుడే ఒక కుక్క మా ముందునుంచి పరుగెత్తుకెళ్ళి నీళ్ళలో దూకింది. దాని వెనక ఇంకోటి. నేను బోర్డు చూశాను. వేసవిలో కుక్కలకి బీచ్ నిషేధమట. సీజన్ అయ్యాక గొలుసు లేకుండా వదలొచ్చట. చదివాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుక్కలకి తలుపు తీసిన రోజునే మా ఆయనకి మూసేశారు!

*

కౌన్సిల్ ఆఫీసులో పర్యాటకుల వ్యవహారాలు చూసే ఆవిడ పేరు సిమోన్. చక్కటి మనిషి, చక్కటి గొంతు. రేడియోలో విన్నది ఆ గొంతే అయితే ఆశ్చర్యపోను. అంతా ఓపిగ్గా విని తల పంకించింది.

"క్లబ్బు వాళ్ళు ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదండీ," అంది.

"మీరు ఒప్పుకుంటే తమకేం అభ్యంతరం లేదని క్లబ్బు వాళ్ళన్నారు."

"అంటే... బీచ్ మీద కాపలా లేనప్పుడు పూచీ ఎవరిదనేది సమస్య. మీరు జనవరిలో రండి. అప్పుడు అన్నీ ఉంటాయి."

"జనవరిలో మా ఆయన ఉండడమ్మా."

సిమోన్ మొహం పాలిపోయింది. "అయ్యో, క్షమించండి, నాకు తెలీదు..."

"చచ్చిపోతాడని కాదు తల్లీ. ఎండకి కాళ్ళూ చేతులూ వాడిపోతాయి. మంచం దిగలేడు. అందుకే మేలో వచ్చాం. మీరు రమ్మన్నారనే వచ్చాం."

"రమ్మన్నామండీ, రమ్మన్నాం. బయట తిరగడానికి శరత్తుని మించింది లేదు. బ్రహ్మాండమైన నడకదారులున్నాయి..."

"నడకదారులు," అన్నాను.

తానన్నదేమిటో ఆవిడకి అప్పుడు తట్టింది. చెవులదాకా ఎర్రబడింది. "చక్రాల కుర్చీ వెళ్ళే దారి కూడా ఉందండీ. కొండ మీది దాకా తారు రోడ్డే. అక్కణ్ణుంచి సముద్రం ఎంత బాగా కనిపిస్తుందో!"

"చూడ్డానికైతే మా వంటింట్లో క్యాలెండరుంది."

ఆవిడ ఎవరికో ఫోన్ చేసింది. ఆ ఎవరో ఇంకెవరికో చేశారు. నేను గోడ మీద పడవల బొమ్మలు చూస్తూ నిలబడ్డాను. చివరికి వచ్చిన జవాబు: అక్టోబరులో తప్పకుండా రండి. ఆవిడ నాకు ఒక సంచి కూడా ఇచ్చింది, అందులో టోపీ, నీళ్ళ సీసా, ఊరి పటం. నేను సంచిని అక్కడే బల్ల మీద పెట్టి వచ్చాను. ఇప్పటికీ దాని సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మనిషి కాళ్ళ మీద నిలబడాలని వస్తే టోపీ చేతిలో పెడతారా?

మర్నాడు పొద్దున నేనే ప్రయత్నించాను. పార్కులో రెండు ప్లైవుడ్ చెక్కలు అడిగి తెచ్చాను. ఒక చెక్క మీద కుర్చీ తోసి, వెనక చెక్క తీసి ముందు వేసి, మళ్ళీ తోసి. కొంత దూరం బాగానే సాగింది. తర్వాత ఇసుక వదులైంది, చెక్క పక్కకి ఒరిగింది, నెవ్ కుర్చీతో సహా పక్కకి పడబోయాడు. నేను అడ్డం పడి ఆపాను. నా మోకాలు చెక్కుకుపోయింది. జనం అయ్యో అన్నారు, కొందరు సాయం పట్టారు, బండి దగ్గరికి వెనక్కి తెచ్చి వదిలారు.

ఆ బీచ్‌లో రోజూ పొద్దున్నే ఈతకి వచ్చే ముసలివాళ్ళ గుంపు ఒకటుంది. వాళ్ళకి సీజనూ లేదు, జెండాలూ లేవు. వాళ్ళకి పెద్దదిక్కు మర్ల్ అనే ఆవిడ, ఎనభై దాటాయి, తలకి పువ్వుల రబ్బరు టోపీ. ఒళ్ళు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

"ఏం నాయనా, మేం నలుగురం పట్టుకుంటాం. నిన్ను దుప్పట్లో వేసి నీళ్ళలో దింపుతాం. ఎంతసేపు పని?"

నెవ్ నవ్వాడు. "వద్దమ్మా. నేను ఏడాదికోసారి గొర్రెల్ని మందు తొట్టిలో ముంచేవాణ్ణి. నాలుగు కాళ్ళూ పట్టుకుని వేస్తే అది నా మొహంలోకి ఎలా చూస్తుందో నాకు తెలుసు."

"మరీ పౌరుషం పనికిరాదయ్యా."

"పౌరుషం కాదు. నలుగురు మొయ్యాల్సిన రోజు ఎలాగూ ఒకటుంది. ఆ రోజు మొయ్యండి, వద్దనను."

మర్ల్ థర్మాస్‌లోంచి టీ పోసి ఇచ్చింది. నెవ్ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ తాగాడు. నీళ్ళు మాకు అంత దగ్గరలో ఉన్నాయి, కుక్కలు దులుపుకుంటే తుంపర మా మీద పడుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కోపం తగ్గిపోతుందని ఏడవలేదు.

*

పొద్దుటి రేడియోలో జనం ఫోన్లు చేసి మాట్లాడే కార్యక్రమం ఒకటి వస్తుంది. ఎప్పుడూ గుంటలు పడ్డ రోడ్లూ, పొలాలమీద పడే కంగారూలూ. నేను జన్మలో ఎప్పుడూ చెయ్యలేదు. ఆ రోజు నెవ్ ఇంకా నిద్ర లేవకముందే క్యాబిన్ బయట మెట్టు మీద కూర్చుని చేశాను.

"యాండబిన్ నుంచి రేలీన్ గారు లైన్లో ఉన్నారు. చెప్పండి రేలీన్ గారూ, ఏమిటి మీ బాధ?"

"బాధ నాకు కాదు బాబూ, సముద్రానికి. పోర్ట్ లోవెట్ వాళ్ళు దానికి తాళం వేశారు."

అక్కణ్ణుంచి నా నోటికి ఎవరూ అడ్డురాలేదు. రమ్మన్న సంగతి చెప్పాను, తాళం సంగతి చెప్పాను, క్లబ్బు కౌన్సిల్ మీదకీ కౌన్సిల్ క్లబ్బు మీదకీ తోసిన సంగతి చెప్పాను. "ఈ నెలనుంచి కుక్కలు స్వేచ్ఛగా ఈదొచ్చని బోర్డు పెట్టారు బాబూ. పోనీ మా ఆయన్ని కుక్క కింద లెక్క వేసుకోమను. తోక ఒక్కటే తక్కువ. తక్కిన తిండీ, విశ్వాసమూ, అరుపూ అన్నీ సరిపోతాయి," అన్నాను.

లోపలికి వచ్చేసరికి నెవ్ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. పక్కన రేడియో మోగుతోంది.

"నాకు తోక లేదని జిల్లా అంతా చాటింపు వేశావన్నమాట," అన్నాడు.

నా తర్వాత వరసగా ఫోన్లు. ఒకావిడ తన తల్లి సంగతి చెప్పింది, ఒకాయన తన కొడుకు సంగతి. మధ్యాహ్నానికి ఊళ్ళో నన్ను చూసి చిప్సు కొట్టువాడు కూడా "మీరేనా ఆ తోకావిడ?" అన్నాడు. సాయంత్రం సిమోన్ ఫోన్ చేసింది. గొంతు మరింత తీయగా ఉంది. రేపు పొద్దున షెడ్డు తెరిపిస్తారట. పట్టా పరుస్తారట. వారిక్ నీళ్ళలో పక్కనే ఉంటాడట. అయితే వచ్చే శరత్తు ప్రచారానికి రెండు ఫోటోలు తీసుకుంటారు, అభ్యంతరం లేదు కదా?

నేను ఫోన్ మీద చెయ్యి మూసి నెవ్‌కి చెప్పాను. "వద్దందాం."

"ఎందుకు?"

"తాళం వేసినవాళ్ళే నీ బొమ్మ పెట్టుకుని ఊరేగుతారు. వాళ్ళ సిగ్గు కప్పుకోడానికి నువ్వు గుడ్డముక్కవా?"

"అయితే ఏం? మూల కూర్చుని సెట్టులో పిల్లని సతాయించడం తప్ప దేనికీ పనికిరావడం లేదుగా. ఫోటోకైనా పనికొస్తాను." చెయ్యి చాచాడు. "ఫోన్ ఇటివ్వు రే. నాకు సముద్రం కావాలి. నీకు గెలుపు కావాలేమో, నాకు నీళ్ళు చాలు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా ఫోన్ ఇచ్చాను.

*

షట్టరు లేచింది. పసుపు చక్రాలు బయటికొచ్చాయి. మర్ల్ గుంపు పట్టా పరిచింది. నేనూ వారిక్ కుర్చీని నీళ్ళలోకి తోశాం. ఒడ్డున సిమోన్ బూట్లు చేత్తో పట్టుకుని నిలబడింది. ఫోటోలు తీసే కుర్రాడు కెమెరాకి ప్లాస్టిక్ సంచి తొడిగి తొడల లోతులోకి దిగాడు. నీళ్ళు నిజంగానే వెచ్చగా ఉన్నాయి. రేడియోలో చెప్పింది ఆ ఒక్కటీ అబద్ధం కాదు.

ఛాతీ లోతు వచ్చాక నెవ్ "ఆపండి" అన్నాడు. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి జారాడు. ఒక క్షణం గడ్డందాకా మునిగాడు. నేను పట్టుకోబోతే తలతోనే వద్దని సైగ చేశాడు. తర్వాత లేచాడు. ఒక చెయ్యి వదిలాడు, రెండోదీ వదిలాడు.

ఎంత పొడుగు మనిషో నేను మర్చేపోయాను. నా తల ఆయన భుజం దగ్గరికి వచ్చింది.

ఆయన కిందికి నా వైపు చూశాడు. "నీ పాపిట్లో ఇంత తెల్లజుట్టు ఎప్పుడొచ్చింది రే?"

"ఎప్పుడో వచ్చింది. నీకు పైనుంచి చూసే వీలు లేక తెలీలేదు."

"బాగుంది," అన్నాడు. చేతులు నీళ్ళ మీద పరిచి ఊరికే నిలబడ్డాడు. పక్కనుంచి చిన్న అల వస్తే మోకాలు ఎలా సర్దుకుంటుందో ఆయన మొహంలో తెలుస్తోంది. నేను ఆయన్ని ముట్టుకోలేదు. పెళ్ళిలో పక్కన నిలబడ్డప్పుడు కూడా నాకు అంత గర్వంగా లేదు.

"సార్," అన్నాడు ఫోటో కుర్రాడు. "సార్, కుర్చీలోకి వస్తారా ఒకసారి?"

నెవ్‌కి వినిపించలేదో, విననట్టు ఊరుకున్నాడో.

"సార్, ఇలా నిలబడితే ఫోటోలో మామూలు మనిషిలా పడుతున్నారు సార్. సంగతి అర్థం కాదు."

"అందుకే కదా నాయనా ఇంత దూరం వచ్చింది!" అన్నాను. నా అరుపుకి మర్ల్ వాళ్ళు ఈత ఆపి చూశారు.

ఒడ్డునుంచి సిమోన్ చెయ్యి ఊపింది. "నెవిల్ గారూ, ఒక్క ఫోటో అండీ! మబ్బు వచ్చేస్తోంది! తర్వాత మీ ఇష్టం వచ్చినంతసేపు ఉండండి!"

"వినకు," అన్నాను. "నిలబడు నెవ్. వాళ్ళ మబ్బు వాళ్ళ ఖర్మ."

"మాటిచ్చాను కదా," అన్నాడు. వారిక్ కుర్చీ తెచ్చాడు. నెవ్ కూర్చున్నాడు. కుర్రాడు అటు తిరగమన్నాడు, ఇటు తిరగమన్నాడు, గడ్డం ఎత్తమన్నాడు. గాలికి తడి ఒళ్ళు చల్లబడింది, నెవ్ పెదాలు నీలమయ్యాయి. అయిందన్నాక మళ్ళీ లేవబోయాడు. రెండు చేతులూ ఆనించి, మొహం పైకెత్తి, బలమంతా పెట్టాడు. కాళ్ళు లేవలేదు. ఇంకోసారి పెట్టాడు.

"కొంచెం ఆగి చూద్దాం గురూ," అన్నాడు వారిక్.

కొంచెం ఆగాం. ఇంకా ఆగాం. మబ్బు కమ్మింది. నెవ్ వణకడం మొదలుపెట్టాడు.

"ఇక చాల్లే, పదండి," అన్నాడు నెవ్.

ఒడ్డున తువ్వాలు కప్పుతుంటే వారిక్‌ని అడిగాడు, "రేపు?" అని. వారిక్ సిమోన్ వైపు చూశాడు. సిమోన్ తన బూట్లవైపు చూసుకుంది. ఒక్క రోజుకే అనుమతట. ఆ మాట చెప్పలేక వారిక్ నీళ్ళు నమిలాడు. మేం బండి ఎక్కకముందే షట్టరు దిగిన చప్పుడు వినిపించింది.

నేను సిమోన్‌ని ఏమన్నానో ఇక్కడ రాయను. మర్ల్ మాత్రం "చక్కగా చెప్పావు" అంది.

*

ఇంటికొచ్చాక మిగిలిన విత్తనాలూ ముగిశాయి. వానలు బాగా పడ్డాయి. ఆ విత్తనాల రోజుల్లో నెవ్ మళ్ళీ తనంతట తాను వైర్‌లెస్ సెట్టు అందుకోలేదు. టీగన్‌కే తోచక, చేలోంచి తనే పిలిచి "నాన్నా, ఈ మూల గొర్రు ఎత్తనా?" అని అడిగేది. "నీకు తెలుసుగా" అనేవాడు. ఆ చలికాలంలో జబ్బు నడుం దాకా పాకింది. ఇక నీళ్ళు కూడా నిలబెట్టలేవని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం పైరు గురించే మాట్లాడుకున్నాం.

తర్వాతి మార్చిలో టీగన్ గొర్రెల్ని అమ్మడానికి వెళ్తూ పెద్ద రోడ్డు మీదనుంచి ఫోటో పంపింది. ఇంటి కప్పంత పెద్ద బోర్డు. దాని నిండా నెవ్. నీలి సముద్రంలో పసుపు చక్రాల కుర్చీ, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, మొహం ఆకాశానికెత్తి. పైన అక్షరాలు: శరత్తులో రండి, అందరికీ చోటుంది.

చూసేవాళ్ళకి అది సంబరం. నాకు తెలుసు, ఆయనకి తెలుసు, అది లేవబోయి లేవలేకపోయిన క్షణం. అయిందన్నాక కూడా ఆ కుర్రాడు తీస్తూనే ఉన్నాడు.

నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. నెవ్ ఫోన్ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "జుట్టు దువ్వుకోవాల్సింది" అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఈయనకి అసలు రోషమే లేదా అనుకున్నాను.

ఈస్టర్ వెళ్ళింది. టీగన్ గొర్రుకి గ్రీజు పెడుతోంది. ఒక పొద్దున ఫోన్ మోగింది. ఎవరో ముక్కూ మొహం తెలీని మనిషి. పేరు లాక్లన్‌ట. ఎక్కడో ఉత్తరాన, ఎండ ఎక్కువ ఉండే ఊరునుంచి భార్యని తీసుకుని పోర్ట్ లోవెట్ వచ్చాడు. నెవ్‌ది యాండబిన్ అని రేడియో విన్నవాళ్ళెవరో చెబితే మా ఊరి పోస్టాఫీసుకి ఫోన్ చేసి నంబరు పట్టుకున్నాడు.

"ఇబ్బంది పెడుతున్నానేమో అక్కయ్యా. మా ఆవిడకీ నరాల జబ్బే. ఎండ పడదు. బోర్డు మీద మీవారిని చూసి, ఇప్పుడైతే బాగుంటుందని వచ్చాం. ఇక్కడ షెడ్డుకి తాళం ఉంది. మీవారు వెళ్ళారు కదా, ఎవర్ని అడగాలో మీకు తెలిసి ఉంటుందని..."

ఫోన్ చప్పుడు గదంతా వినిపిస్తోంది. నెవ్ కుర్చీ తోసుకుంటూ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. దవడలు బిగుసుకున్నాయి, మెడ మీద నరాలు లేచాయి.

"తమ్ముడూ, మీ ఆవిడ నిలబడగలదా? నీళ్ళలో?"

"కిందటేడు నిలబడిందన్నా."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"షెడ్డు ముందే."

"అక్కడే ఉండండి. నీడలో కూర్చోబెట్టు, ఒళ్ళు వెచ్చగా ఉంచు. మేం వస్తున్నాం."

"తాళంచెవి మీ దగ్గరుందా అన్నా?"

"కంచె తీగలు కత్తిరించే కట్టరుంది."

ఫోన్ పెట్టేశాడు. కిటికీలోంచి టీగన్‌ని కేకేశాడు, ఏళ్ళ తర్వాత అంత గట్టిగా. పిల్ల గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చి, ఏమిటని కూడా అడగకుండా నాన్నని ఎత్తుకుని బండి దగ్గరికి నడిచింది. నేను కట్టరు తెచ్చి సీటు కింద పడేసి బండి తాళం తిప్పాను.

"ఆ సిమోన్‌కి ఫోన్ కొట్టు రే," అన్నాడు నెవ్. "ఫోటోలు తీసేవాణ్ణి తీసుకుని రమ్మను."